ఖాళీ పేగు, నిండు తగాదా

ఇద్దరిదీ తార్నాకే. మరిది ఉస్మానియాలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. వదిన ఒక ఆసుపత్రి ఎండోస్కోపీ గదిలో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసింది. మంగళవారం ఆయనకు కొలనోస్కోపీ జరిగింది. పెద్దపేగులో చిన్న పాలిప్ కనబడితే తీగ ఉచ్చు వేసి అక్కడికక్కడే తీసేశారు. ఇవాళ శుక్రవారం. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు నడుస్తున్నారు. నడక పేరుకే, అసలు జరుగుతున్నది తగాదా. పక్కన నడిచినవాణ్ని కాబట్టి విన్నది రాస్తున్నాను. ఇలాంటి సంగతులు పత్రికలో వేస్తారా అని మరిదిగారికి సందేహం. వదినగారికి లేదు.

మరిది: వదినా, ఇక నావల్ల కాదు. మూడు రోజులైంది, మోషన్ లేదు. ఇంటికెళ్లగానే రెండు చెంచాలు ఆముదం తాగేస్తా. మా చిన్నప్పుడు నాన్న అందరికీ వరసగా కూచోబెట్టి పట్టించేవాడు. ఎవరికేమైంది?

వదిన: ఆముదం సంగతి తర్వాత. ఈ వారం నువ్వు ఏం తిన్నావో చెప్పు.

మరిది: ఏముంది తినడానికి? పరీక్షకి ముందు రెండు రోజులు కూర వద్దు, పండు వద్దు అన్నారు. తెల్లన్నం, మజ్జిగ. సోమవారం అదీ లేదు, వడగట్టిన చారు, కొబ్బరినీళ్లు. రాత్రి ఆ ఉప్పు నీళ్లు లీటర్లకి లీటర్లు. మంగళవారం సాయంత్రం రెండు ఇడ్లీ. తర్వాత పెరుగన్నం, పెసరపప్పు.

వదిన: మరి ఏం రావాలి తమ్ముడూ? లోపల ఏదైనా ఉంటే కదా. ఇంటి మీద ట్యాంకు కడిగించిన రోజు కుళాయి తిప్పితే ఏమొస్తుంది? ముందు గాలే వస్తుంది. నీకూ అదే వస్తోంది. పరీక్ష చేసేటప్పుడు పేగు గోడలు విచ్చుకోవడానికి గాలో, కార్బన్ డయాక్సైడో ఊదుతారు. అది పోయేదాకా ఉబ్బరంగా ఉంటుంది. గ్యాస్ పోతోందా నీకు?

మరిది: పోతోంది. ఆ విషయంలో లోటు లేదు.

వదిన: అయితే పేగు పనిచేస్తున్నట్టే.

మరిది: మూడు రోజులు పట్టేంత పనా అది? మీకు డెనిస్ బర్కిట్ తెలుసు కదా, ఉగాండాలో పనిచేసిన ఐర్లండ్ సర్జన్. 1972లో ఆయనా, ఇంకో ఇద్దరూ కలిసి లాన్సెట్ పత్రికలో లెక్కలు వేశారు. ఉగాండా పల్లెటూరి వాళ్లకు తిన్నది బయటికి రావడానికి సుమారు 36 గంటలు. నాకు మంగళవారం సాయంత్రం నుంచి లెక్కపెట్టినా అరవై దాటింది.

వదిన: ఆ లెక్కల్లోనే ఇంగ్లండ్ నేవీ వాళ్లది కూడా ఉంది. చదవలేదా? వాళ్లకి 83 గంటలు పట్టింది. పల్లెటూరి వాళ్ల మోషన్ రోజుకి అరకిలోకి దగ్గర దగ్గర. నేవీ వాళ్లది వంద గ్రాముల చిల్లర. వాళ్ల తిండిలో పీచు అంత, వీళ్లదాంట్లో ఇంత. ఈ వారం నువ్వు తిన్నది ఓడలో కూచున్నవాడి తిండి, మరి ఉగాండా రైతు టైము ఎందుకు చూస్తున్నావ్? మామూలు మనిషికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. నీది అడుగు దాకా కడిగిన పేగు, పైగా పీచు లేని అన్నం. నాలుగో రోజుకి వచ్చినా నేను ఆశ్చర్యపోను.

మరిది: నిండా తిన్నాను, రాలేదు అంటే మలబద్ధకం. ఏమీ తినలేదు, రాలేదు అంటే కాదు. లాజిక్ బాగుంది. కానీ కడుపు లాజిక్ వినదే! పొద్దున్నే అది కాకపోతే నాకు పేపరు కూడా రుచించదు.

(ఆ మాట ఆయనదొక్కడిదే కాదు. తెల్లవారగానే కడుపు ఖాళీ అయితేనే రోజు మొదలయినట్టు లెక్క మనలో చాలామందికి.)

వదిన: సరే, ఆముదం ఎందుకు వద్దంటున్నానో విను. పాలిప్ తీసిన చోట పేగు లోపల చిన్న పుండు ఉంటుంది. అది మానే వరకు, రెండు వారాలు అనుకో, రక్తం కారే అవకాశం కొంచెం ఉంటుంది. ఆముదం తాగితే కడుపు మెలిపెడుతుంది, నీళ్ల విరేచనాలవుతాయి. సోమవారం రాత్రే ఒంట్లో నీళ్లన్నీ పోయాయి. మళ్లీనా? అన్నిటికంటే ముఖ్యం, రేపు కడుపులో నొప్పి వస్తే అది ఆముదం నొప్పో, పేగుకి ఏదైనా అయిన నొప్పో ఎవరు చెప్తారు? నువ్వు చెప్పలేవు, నేనూ చెప్పలేను.

మరిది: పేగుకి ఏదైనా అంటే?

వదిన: చిల్లు. భయపడకు, అరుదు. మామూలు పరీక్షలో వెయ్యి మందిలో ఒకరికంటే తక్కువ, పాలిప్ తీస్తే కాస్త ఎక్కువ. ఆ గదిలో అన్నేళ్లు ఉన్నా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా చూడలేదు. కానీ చూసినవి మర్చిపోలేదు. పొట్ట బల్లలా గట్టిపడి చెయ్యి వేస్తే ఓర్చుకోలేనంత నొప్పి, చలిజ్వరం, ఆగని వాంతులు, గ్యాస్ కూడా బిగుసుకుపోవడం, రక్తం గడ్డలుగా పడటం, తారులా నల్లగా రావడం, లేస్తే కళ్లు తిరగడం. ఇందులో ఒక్కటి కనబడినా ఫోన్ చేసి ఉదయం దాకా ఆగడాలు లేవు. ఆ రాత్రే ఎమర్జెన్సీకి. మొదటి మోషన్‌లో రక్తం చార కొద్దిగా కనబడితే అది వేరు, డాక్టరుకి చెప్పి ఊరుకోవచ్చు.

మరిది: నడుంనొప్పికి బ్రూఫెన్ వేసుకుందామనుకున్నా నిన్న.

వదిన: వేసుకోలేదు కదా? అడక్కుండా వేసుకోకు. రక్తం కారే గుణం పెంచుతుంది. అలాగని గుండెకి వేసుకునే ఆస్పిరిన్ ఎవరూ సొంతంగా ఆపకూడదు. రెండింటికీ పరీక్ష చేసిన డాక్టరునే అడగాలి. ఒకటి చెప్పనా? ఈ పాలిప్ 1960ల్లో కనబడి ఉంటే, అసలు కనబడటమే కష్టం, తీయాలంటే పొట్ట కోయాల్సిందే. 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు గొట్టంలోంచే తీగ ఉచ్చు పంపి పాలిప్ కోసే పద్ధతి తెచ్చారు. నువ్వు మంగళవారం మధ్యాహ్నం ఆటోలో ఇంటికొచ్చి, సాయంత్రం ఇడ్లీ తిన్నావు. మూడు రోజులు ఓపిక పట్టలేవా?

మరిదిగారు కొంతసేపు మాట్లాడలేదు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎవరో కుర్రాళ్లు సెల్ఫీలు తీసుకుంటున్నారు. 1939లో నిజాం చేతుల మీదుగా తెరుచుకున్న ఈ కట్టడం ముందు పేగుల గురించి ఇంత గట్టిగా వాదించుకోవడం ఇదే మొదటిసారి కాకపోవచ్చు. పక్కనే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) ఉంది మరి. తిరుగుదారిలో, జామై ఉస్మానియా వైపు మళ్లినప్పుడు, చరిత్ర మాస్టారికి ఆ సంస్థే ఆయుధమైంది.

మరిది: ఓపిక పడతా. ఆముదం మానేస్తా. కానీ పాఠం ఇక్కడితో ఆగదు. నిన్న మీరేమన్నారు? తర్వాత రోజూ రాత్రి ఏదో పౌడరు కలుపుకొని తాగమన్నారు. ఇవాళేమో ఆముదం వద్దు, కడుపుని దాని మానాన వదిలేయి అంటున్నారు. రోజూ పౌడరు మాత్రం మందు కాదా? ఎన్‌ఐఎన్ చరిత్ర మీకు తెలియనిది కాదు. యూనివర్సిటీ పుట్టిన 1918లోనే రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టాడు దాన్ని. 1958లో హైదరాబాదు వచ్చింది. ఆ మెక్‌కారిసన్ 1921లో అమెరికాలో పిట్స్‌బర్గ్ వెళ్లి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. దేని మీదో తెలుసా? పాడు తిండి వల్ల కడుపుకీ పేగులకీ వచ్చే జబ్బుల మీద. కూనూరులో కోతులకి సారం లేని తిండి పెట్టి వాటి పేగులు ఎలా చెడ్డాయో చూపించాడు. గిల్గిత్ కొండల్లో పనిచేసినన్నాళ్లూ అక్కడివాళ్లలో ఇలాంటి కడుపు రోగాలు కనబడలేదన్నాడు. వందేళ్ల కిందటే చెప్పాడు మహానుభావుడు: తిండి సరిచేయి. మన ఇంటి పక్కన సంస్థే పెట్టి పోయాడు. మీరేమో పౌడరంటారు.

వదిన: మెక్‌కారిసన్ దగ్గర కొలనోస్కోపు లేదు తమ్ముడూ. తిండి గురించి ఆయన చెప్పింది నేను కాదనను. కానీ నీ కేసు ఆయన చూడలేదు, నేను చూశాను. రిపోర్టు జేబులో ఉందా?

ఒక బల్ల దొరికింది. మరిదిగారు మడిచిన కాగితం తీశారు. ఆమె కళ్లజోడు సవరించుకుని మూడో పంక్తి దగ్గర ఆగింది.

వదిన: మెలనోసిస్ కోలై. దీని గురించి ఎవరైనా చెప్పారా నీకు?

మరిది: క్యాన్సరా?

వదిన: కాదు. దానివల్ల ప్రమాదమేమీ లేదు. పేగు లోపలి పొర ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది, అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా. చనిపోయిన కణాల తాలూకు రంగు పేరుకోవడం అది. ఎప్పుడొస్తుందంటే, సునాముఖి లాంటివి నెలల తరబడి, ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లకి. కలబంద రేకు పసుపుపాలు తాగినా వస్తుంది. ఇప్పుడు చెప్పు. మందులంటే గిట్టని మనిషివి. ఏం వేసుకుంటున్నావ్?

మరిది: మందు కాదు. చూర్ణం. ఆయుర్వేదం.

వదిన: డబ్బా మీద ఏమని ఉంది?

మరిది: స్వర్ణపత్రి, ఇంగువ, నల్లుప్పు, ఇంకేవో.

వదిన: స్వర్ణపత్రే సునాముఖి. మనవాళ్లు నేలతంగేడంటారు. ఆసుపత్రిలో సెన్నా మాత్ర అని ఇచ్చేది దాని సారమే. తిరునల్వేలి వైపు పండించి ప్రపంచమంతా పంపిస్తారు. మంచి మందే, నేనూ ఎందరికో ఇచ్చాను. నా గొడవ ఆకుతో కాదు, అది మందు కాదనుకుని నువ్వు వేసుకుంటున్నావే, దాంతో. ఎంత వేసుకుంటున్నావ్, ఎన్నాళ్ల నుంచి?

మరిది: మొదట్లో అరచెంచా. ఇప్పుడు... చెంచా నిండా. పదేళ్లు ఉండొచ్చు.

వదిన: పరీక్షకి ముందు ఏమేం మందులు వాడతారని అడిగినప్పుడు చెప్పావా?

మరిది: బీపీ మాత్ర, కాల్షియం మాత్ర చెప్పా.

వదిన: మూడు రోజులకి ఆముదం తాగుతానన్న మనిషివి, పదేళ్ల నుంచి ముక్కుతూ ఒక్క డాక్టరుకీ చెప్పలేదా?

మరిది: చెప్పలేదనకండి. ఒకసారి చెప్పాను. నాలుగు నిమిషాలు. పీచు తినండి, నీళ్లు తాగండి, వారానికి మూడుసార్లు వస్తే నార్మలే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ వారానికి మూడు అన్న లెక్క ఎవరిది? తెల్లవాళ్ల పుస్తకంలోది. మనలో ఎక్కువమంది రోజూ వెళ్లేవాళ్లే. మన లెక్కలో నాది రోగమే. పైగా నా బాధ ఎన్నిసార్లన్నది కాదు. అరగంట కూచున్నా పూర్తయినట్టు ఉండదు. అది అడిగాడా? అడగలేదు. అడగని డాక్టరు కంటే చూర్ణం నయం కదా!

వదిన: ఇది మాత్రం నీది కరెక్టు. ఒప్పుకుంటున్నా. చాలామంది అడగరు. ఎన్నిసార్లు అని అడుగుతారు గానీ ఎట్లా అని అడగరు. వేలు పెట్టి పరీక్ష చేసేవాళ్లు ఇంకా తక్కువ. ఆ ఒక్క పరీక్షతోనే సగం తెలుస్తుంది. కొందరికి పేగు మందగించి ఉండదు. ముక్కేటప్పుడు కింద వదులు కావాల్సిన కండరం వదులవడం మాని బిగుసుకుంటుంది. వాళ్లకి బండెడు పీచు తినిపించినా లాభం లేదు, వెనకాల బరువు పెరుగుతుందంతే. అలాంటివాళ్లకి ఒక సన్న గొట్టంతో అక్కడి ఒత్తిడి కొలుస్తారు, తర్వాత కండరాన్ని వదిలే పద్ధతి నేర్పిస్తారు. బయోఫీడ్‌బ్యాక్ అంటారు. మందూ కాదు, చూర్ణమూ కాదు, ట్రైనింగ్.

మరిది: ఈ వయసులో అది కూడా నేర్చుకోవాలా!

వదిన: నువ్వే నేర్పించుకున్నావు దానికి, బిగుసుకోమని. ఫస్ట్ పీరియడ్ క్లాసని, అటెండెన్సని, పేగు పిలిచినప్పుడల్లా ఆగమన్నావు. టిఫిన్ తిన్న తర్వాత అరగంటలో పెద్దపేగు దానంతటది కదులుతుంది. ఆ టైములో నువ్వు స్కూటరు మీద ఉన్నావు.

(ఇక్కడ నా మాట ఒకటి. హాస్టల్లో చదివినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పొద్దున్నే బాత్రూంల ముందు క్యూ, లోపల నీళ్లుండవు, బయట బస్సు వెళ్లిపోతుంది. అమ్మాయిల సంగతి ఇంకా ఘోరం. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని తాగడమే మానేస్తారు. పీచు తినమని పోస్టరు వేసేవాళ్లు తలుపూ నీళ్లూ ఉన్న గది సంగతి ఎందుకు ఎత్తరో నాకు అర్థం కాదు.)

మరిది: సరే, తప్పంతా నాదే. ఇప్పుడు తిండితో బాగుచేసుకుంటా. ఎన్‌ఐఎన్ వాళ్ల 2017 పట్టిక నా దగ్గరుంది. వంద గ్రాముల తెల్లబియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా లేదు. జొన్నల్లో పది. రాగుల్లో పదకొండు. జామపండులో ఎనిమిదిన్నర. రోజుకి రెండు వేల కేలరీలు తినేవాళ్లకి ముప్ఫై గ్రాముల పీచు కావాలంటారు. కూరలు 400 గ్రాములు. రేపటి నుంచి మూడు పూటలా జొన్నరొట్టె, తోటకూర, జామపండు.

వదిన: రేపటి నుంచే వద్దు. ఒక్కసారిగా పోస్తే పొట్ట డప్పులా ఉబ్బుతుంది, అప్పుడు కొలనోస్కోపీ వల్లే చెడిందంటావు. డాక్టరు ఏ ఆంక్షా పెట్టలేదు కాబట్టి, ఈ రెండు మూడు రోజులు ఇడ్లీ, పప్పన్నం, బీరకాయ, అరటిపండు. తర్వాత ఒక పూట జొన్నరొట్టె. వారం గడిచాక ఇంకో పూట. నీళ్లు బాగా తాగు. నీకు గుండె, కిడ్నీ జబ్బు లేదు కాబట్టి చెప్తున్నా, అవి ఉన్నవాళ్లు తమ డాక్టరు చెప్పినన్నే తాగాలి. ఇసబ్‌గోల్ వేసుకుంటే నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగు. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది.

మరిది: మంచి సూక్ష్మజీవులన్నీ కొట్టుకుపోయాయి, ప్రోబయోటిక్ వాడమని మందుల షాపతను అంటున్నాడు.

వదిన: షాపతను అంటాడు. చాలామందిలో కొన్ని వారాల్లో అవే తిరిగొస్తాయి. పెరుగు తిను, రుచి కోసం తిను.

మరిది: ఇక పౌడరు. ఎందుకంత పట్టుదల?

వదిన: ఎందుకంటే సోమవారం రాత్రి లీటర్లకి లీటర్లు తాగింది అదే. పాలీఇథిలీన్ గ్లైకాల్. పేగు కడగడానికి కుండెడు, రోజూ మెత్తగా రావడానికి ఒక గ్లాసులో పదిహేడు గ్రాములు. ఒంటికి దాదాపు పట్టదు. నీళ్లని పట్టుకుని మోషన్‌తోపాటే బయటికి పోతుంది. పేగుని కొట్టి కదిలించదు. నీ చూర్ణం కొట్టి కదిలిస్తుంది.

మరిది: పేరు చూస్తే ప్లాస్టిక్ సంచి గుర్తొస్తోంది. రోజూ తాగితే పేగు బద్ధకించదా? అలవాటైపోదా?

వదిన: సంచి వేరు, ఇది వేరు. ఇది నీళ్లలో కరుగుతుంది. నెలల తరబడి వాడినవాళ్లని గమనించి చూశారు, అలవాటుపడినట్టు కనబడలేదు. అలవాటు అన్న భయం చూర్ణం అరచెంచా చెంచా అయినప్పుడు ఎక్కడికి పోయింది?

మరిది: పౌడరు మాత్రం అసలు కారణాన్ని ముట్టుకుంటుందా? మీరే అన్నారు, కండరమన్నారు, ట్రైనింగన్నారు.

వదిన: ముట్టుకోదు. అందుకే పౌడరుతో ఆపమనట్లేదు. కాల్షియం మాత్ర కూడా బిగిస్తుంది, దాని సంగతి అడుగు. బీపీ మాత్రల్లో కొన్ని బిగిస్తాయి, నీదేదో చూపించు. థైరాయిడ్ ఎప్పుడు చూపించుకున్నావో కూడా. కమోడ్ మీద కూచునేటప్పుడు కాళ్ల కింద చిన్న పీట వేసుకో. మోకాళ్లు నడుం కంటే పైకి రావాలి. గొంతుక్కూచున్నప్పుడు కింద దారి నిటారవుతుంది, మన పాత దొడ్లో అదే జరిగేది. పేపరు లోపలికి తీసుకెళ్లకు. ఐదు నిమిషాలు, పదికి మించొద్దు. రాకపోతే లేచి వచ్చేయ్.

మరిది: పేపరు లేకుండానా?

వదిన: పేపరు లేకుండానే. కావాలంటే బ్రిస్టల్ చార్టు గోడకి అంటించుకో. 1997లో ఇంగ్లండ్‌లో ఇద్దరు డాక్టర్లు వేసిన పటం. మేకపెంటికల్లాంటిది ఒకటో నంబరు, నీళ్లలాంటిది ఏడు. మూడు, నాలుగు వస్తే బాగున్నట్టు. డాక్టరు దగ్గరికెళ్తే సిగ్గుపడి మెలికలు తిరగనక్కర్లేదు, నంబరు చెప్తే చాలు.

మరిది: నంబరు చెప్పడం బాగుంది. పీట కూడా ఒప్పుకుంటా. పౌడరు మాత్రం డాక్టరు చెప్తేనే. జొన్నరొట్టెకి ఒక నెల టైమివ్వండి.

వదిన: నెల ఇస్తా. చూర్ణం ఒక్కసారిగా ఆపితే మొదట్లో బిగిసి నువ్వే మళ్లీ డబ్బా తెరుస్తావు. ఎట్లా తగ్గించాలో డాక్టరుని అడుగు. ఆదివారం దాకా మోషన్ రాకపోయినా, ఈలోపు ఉబ్బరం పెరిగినా, ముందు ఫోన్.

మరిది: బయాప్సీ రిపోర్టు బుధవారం వస్తుందన్నారు. మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో దాన్ని బట్టి చెప్తారట.

వదిన: అవును. పాలిప్ ఎలాంటిదో, ఎంతదో, ఎన్నో, అన్నీ చూస్తారు. కొందరికి మూడేళ్లంటారు, కొందరికి ఏడు, పది. నేనూ వస్తా బుధవారం. చూర్ణం డబ్బా సంచిలో పెట్టుకో.

మరిది: డబ్బా ఎందుకు, పేరు చెప్తా కదా.

వదిన: పేరు చెప్తావు, చెంచా సైజు చెప్పవు.